మామ దుర్యోధన వేషం, 37 శాతం దగ్గర ఆగిన రెండర్: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 2

పుత్తూరు దగ్గర మా మేనమామ ఊళ్లో ధర్మరాజుల గుడి ముందు ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు దుర్యోధన వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం. మామ చాలా ఏళ్లు అందులో దుర్యోధన వేషం కట్టి, మోకాళ్లు సహకరించక మానుకున్నారు. ఈ ఏడు భారతం మొదలయ్యే రోజున గుడి దగ్గరి టీవీలో చూపించేందుకు ఆయన వేషాలన్నిటినీ కలిపి 40 నిమిషాల వీడియో చేసిస్తానని నేను ఒప్పుకున్నాను. తిరుపతిలో కొర్లగుంటలోని మా ఇంట్లో నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ మెమరీ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పని దాని మీదే.

నా చేతికి వచ్చిన దృశ్యాలు మూడు రకాలు. 2009లో చిన్న డిజిటల్ కెమెరాతో తీసినవి మొత్తం 35 నిమిషాలు. 2014లో ఊరి ఫోటో స్టూడియో ఆయన క్యామ్‌కార్డర్‌తో తీసినవి 4 గంటలు, అంటే రాత్రి నాటకం రెండున్నర గంటలు, దుర్యోధన వధ గంటన్నర. 2023లో మా మేనమామ కొడుకు ఫోన్‌తో తీసినవి 25 నిమిషాలు. అన్నిటినీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే టైమ్‌లైన్ మీద (ముక్కలను వరుసగా పేర్చే పట్టీ) పరిచి, 214 చోట్ల కోసి, పది రోజులు కూర్చుని కూర్పు పూర్తి చేశాను. ఈరోజు రెండర్ పెట్టాను, అంటే కోసిన ముక్కలన్నిటినీ కలిపి ఒకే వీడియో ఫైలుగా తయారుచేయమన్నాను. మూడు గంటల తరువాత చూస్తే 37 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. సాఫ్ట్‌వేర్ ఏ కారణమూ చెప్పలేదు.

ఏప్రిల్ 4

ఈ రెండు రోజుల్లో అయిదుసార్లు రెండర్ పెట్టాను. మూడుసార్లు సరిగ్గా 37 శాతం దగ్గరే ఆగింది; మిగిలిన రెండుసార్లు అక్కడిదాకా కూడా పోకుండా ఒకసారి 22, ఒకసారి 29 దగ్గర ఆగింది. మొదట దీన్ని ఎండల మీదికి నెట్టాను. మిద్దె మీద గదిలో మధ్యాహ్నం కూర్చోవడం మనిషికే కష్టంగా ఉంది, యంత్రానికి మాత్రం కాదా అనుకుని తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి మళ్లీ పెట్టాను. అప్పుడూ 37.

అప్పుడు తట్టిన విషయం ఇది: నేను ఒకే జబ్బు అనుకుంటున్నది నిజానికి రెండు జబ్బులు. ఎప్పుడూ ఒకేచోట ఆగుతోందంటే ఆ చోట ఉన్న ఫైలులో ఏదో దెబ్బ ఉంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందంటే కంప్యూటర్‌లో మెమరీయో మరొకటో అయిపోతోంది. రెండింటికీ ఒకే మందు వేయాలని చూసినందువల్లనే రెండు రోజులు వృథా అయ్యాయి.

ఏప్రిల్ 5

పుత్తూరు పేరు వింటే ఎవరికైనా ఎముకలు విరిగినవాళ్లకు అక్కడ కట్టే కట్టు గుర్తుకు వస్తుంది. కట్టు కట్టే ముందు వైద్యుడు విరిగిన చోటు చేత్తో తడిమి చూస్తాడు. నేను పది రోజులు కూర్పు చేశానే కానీ ఫైళ్లను ఒక్కసారి కూడా అలా తడిమి చూడలేదు. ఈరోజు మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక్కొక్క ఫైలునూ తెరిచి, అది చెప్పినది నోటుపుస్తకంలో రాసుకున్నాను.

2009 నాటివి ఏవీఐ ఫైళ్లు, లోపల మోషన్ జేపెగ్. అంటే ప్రతి ఫ్రేమూ విడిగా ఒక ఫోటో లాంటిదే. 640×480 కొలత, సెకనుకు 30 ఫ్రేములు. శబ్దం ఒకే చానెల్, 11,025 హెర్ట్జ్, 8 బిట్. 2014 నాటివి ఏవీసీహెచ్‌డీ పద్ధతిలోని ఎంటీఎస్ ఫైళ్లు: 1920×1080 కొలత, హెచ్.264 కుదింపు, సెకనుకు 50 ఫీల్డుల ఇంటర్‌లేస్డ్ చిత్రం (ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా, అంటే రెండు ఫీల్డులుగా తీసే పద్ధతి), సగటున 17 మెగాబిట్ల వేగం. ఆ కెమెరా 2 జీబీ నిండగానే ఫైలును ముక్క చేస్తుంది కాబట్టి రమారమి 17 నిమిషాలకొక ముక్క చొప్పున రాత్రి నాటకం 9 ఫైళ్లు, వధ 6 ఫైళ్లు అయ్యాయి. ఫోన్ దృశ్యాలు హెచ్.265లో ఉన్నాయి, వాటి ఫ్రేము రేటు పక్కన 'వేరియబుల్' అని కనిపించింది. పైకి 30 అని చెప్పినా, వెలుతురు తగ్గినప్పుడు ఫోను తనంతట తానే ఫ్రేములు తగ్గించుకోవడంతో సగటు 29.80 వచ్చింది.

ఈ సగటులోనే ఒక పాత తగాదాకు జవాబు దొరికింది. ఫోన్ దృశ్యాల్లో పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదరక నేను చేత్తో సర్దుతూ వచ్చాను. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి సెకనుకూ సరిగ్గా 30 ఫ్రేములు ఉంటాయని లెక్కవేస్తోంది. 20 నిమిషాలలో నిజంగా ఉన్నవి 35,760 ఫ్రేములు. వాటిని 30తో భాగిస్తే 1,192 సెకన్లు. శబ్దం మాత్రం 1,200 సెకన్లు. 20 నిమిషాలు గడిచేసరికి బొమ్మ మాటకన్నా 8 సెకన్లు ముందుకు వెళ్లిపోతోంది. ఎన్నిసార్లు సర్దినా మళ్లీ జారిపోయిందంటే ఇందుకే.

ఏప్రిల్ 6

మెమరీ సంగతి. టైమ్‌లైన్‌ను నాలుగు భాగాలు చేసి ఒక్కొక్కటీ విడిగా రెండర్ పెట్టి, మెమరీ ఎంత వాడుతోందో పక్కన చూస్తూ కూర్చున్నాను. 2014 దృశ్యాల కోతలు ఎక్కువగా ఉన్న రెండో భాగంలో మెమరీ మెట్లు ఎక్కినట్టు పెరిగి 8 జీబీ నిండిపోయింది. తరువాత హార్డ్ డిస్క్ గుర్రుమనడం మొదలైంది.

దీని వెనక ఉన్న కారణం చెప్పుకోదగినది. హెచ్.264 ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి ఫ్రేము, దాని నడుమ ముందు వెనక ఫ్రేములతో పోల్చి మారినంత మాత్రమే రాసుకున్న ఫ్రేములు ఉంటాయి. కెమెరా కార్డులో చోటు ఆదా చేయడానికి అది అద్భుతమైన ఏర్పాటు. కోతకు మాత్రం అదే శాపం, ఎందుకంటే నేను గుంపు నడుమనున్న ఒక ఫ్రేము దగ్గర కత్తెర పెడితే, కంప్యూటర్ వెనక్కి నడిచి పూర్తి ఫ్రేమును వెతికి, అక్కడి నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ నా ఫ్రేము దాకా రావాలి. 214 కోతలు, ప్రతి కోతకూ ఈ నడక, దాని మీద ఇంటర్‌లేసింగ్ విప్పడం, కొలతలు మార్చడం, ఫ్రేము రేటు సర్దడం కూడా రెండర్ సమయంలోనే. ఇంత పనినీ ఒకేసారి మీద వేసి, కంప్యూటర్ చాలడం లేదని అనడం న్యాయం కాదు.

చిన్న సైజు ప్రాక్సీ ఫైళ్లు తయారుచేసి వాటితో కూర్పు చేయడం ఒక దారి అని తెలుసు. కానీ ప్రాక్సీ వల్ల కూర్పు సమయంలో తడబాటు తగ్గుతుందే తప్ప, ఆఖరి రెండర్‌లో సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు ఫైళ్ల దగ్గరికే వెళ్తుంది. నా ఇబ్బంది అక్కడే కాబట్టి అది నాకు పనికిరాదు. దృశ్యాలన్నిటినీ ముందే ఒకే తరహాలోకి మార్చుకోవాలని, ఆ మార్పును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో చేయాలని నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్ 8

ఏ తరహాలోకి మార్చాలి అన్నదానికి ఒక రోజు పట్టింది. చివరికి ఎడిటింగ్ కోసం చేసిన ప్రోరెస్ అనే తరహాను ఎంచుకున్నాను. అందులో ప్రతి ఫ్రేమూ తనంతట తాను పూర్తిగా ఉంటుంది. ఎక్కడ కోసినా వెనక్కి నడవాల్సిన పని లేదు. దానికి చెల్లించే మూల్యం డిస్కులో చోటు.

సెకనుకు 25 ఫ్రేములా, 50 ఫ్రేములా అన్నది అసలు ప్రశ్న. 2014 దృశ్యంలో సెకనుకు 50 ఫీల్డులు ఉన్నాయి. ఒక్కో ఫీల్డు ఒక్కో క్షణానిది. 25కు కుదిస్తే సగం కదలిక పోతుంది. వేరే వీడియో అయితే పోనిమ్మనేవాణ్ని. వీధినాటకంలో వేషగాడు తెర దాటి వచ్చి గిరగిరా తిరుగుతూ అడుగులు వేసేటప్పుడు కాళ్ల గజ్జెలు, భుజకీర్తులు, గద అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. 25లో అది అలికినట్టు కనిపించింది, 50లో అడుగు అడుగుగా కనిపించింది. పైగా 30 ఫ్రేములవాటిని 25కు దించితే ప్రతి ఆరో ఫ్రేమునూ పారేయాలి, నడకలో కుంటుతనం వస్తుంది. 50కి పెంచితే ప్రతి మూడు ఫ్రేములూ అయిదవుతాయి, రెండు, రెండు, ఒకటి చొప్పున. ఏ ఫ్రేమూ పోదు. అందుకే 50.

ఇక చోటు. ప్రోరెస్‌లోని ఎల్‌టీ రకం 1920×1080 కొలతలో సెకనుకు 50 ఫ్రేములకు సుమారు 170 మెగాబిట్లు తీసుకుంటుంది, అంటే గంటకు 76 జీబీ. నా దగ్గర ఉన్న అయిదు గంటలకు 380 జీబీ కావాలి. డిస్కులో ఖాళీ 210 జీబీ. కొత్త డిస్కు కొనే ఉద్దేశం లేదు. కూర్పులో వాడిన ముక్కలను, ప్రతిదానికీ ముందూ వెనకా 5 సెకన్లు అదనంగా వదిలి, లెక్కవేస్తే 75 నిమిషాలు తేలాయి. అది 96 జీబీలో పడుతుంది. అసలు ఫైళ్లన్నిటినీ చదవడానికి మాత్రమే వీలుండేట్టు తాళం వేసి, వేరే డిస్కులో ఒక నకలు పెట్టిన తరువాతే మార్పిడి మొదలుపెట్టాను.

మార్చినంత మాత్రాన బొమ్మ నాణ్యత పెరగదని ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. '96 జీబీ అయిందంటే ఇంకా బాగా కనిపిస్తుందా?' అని మా ఆవిడ అడిగింది. కనిపించదు. బియ్యం చిన్న సంచిలోంచి పెద్ద గంగాళంలోకి పోసినట్టు. గింజలు అవే, కానీ చెయ్యి పెట్టి తీయడం సులువు.

ఏప్రిల్ 10

2014 ముక్కలు. ఇంతకు ముందు 9 ఫైళ్లనూ విడివిడిగా తెచ్చి టైమ్‌లైన్ మీద పక్కపక్కన పేర్చాను. ప్రతి అతుకు దగ్గరా శబ్దం ఒక క్షణం మాయమై, పద్యం మధ్యలో గొంతు మింగినట్టు వినిపించేది. కెమెరా కార్డులోని మొత్తం ఫోల్డరు ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని తామే కలుపుకుంటాయి. నాకు వచ్చినవి ఫోల్డరులోంచి ఏరి తీసిన ఫైళ్లు మాత్రమే. అదృష్టవశాత్తూ ఎంటీఎస్ పద్ధతి ప్రసారాల కోసం పుట్టినది కనుక, ఒక ఫైలు కొసకు రెండోదాని మొదలును బైటు బైటుగా అతికించినా అది ఒకే ప్రవాహంగా చదవబడుతుంది. రాత్రివి తొమ్మిదీ ఒకటిగా, వధవి ఆరూ ఒకటిగా అతికించాను. అతుకుల దగ్గర పద్యం తెగలేదు.

ఇంటర్‌లేసింగ్ విప్పడానికి బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టర్ వాడాను. ఇది యాడిఫ్ అనే పాతదాని మీద కట్టినది; యాడిఫ్ అన్న పేరుకు అర్థం 'ఇంకొక డీఇంటర్‌లేసింగ్ ఫిల్టర్' అని, పేరు పెట్టడానికి ఓపిక లేనివాళ్లు పెట్టిన పేరు. ప్రతి ఫీల్డునూ ఒక ఫ్రేముగా చేయమని చెబితే 50 ఫ్రేములు వచ్చాయి. కిరీటం అంచుల్లో ఇంతకు ముందు కనిపించే దువ్వెన పళ్లు పోయాయి.

ఏప్రిల్ 11

37 శాతం గుట్టు బయటపడింది. వధ దృశ్యాన్ని మారుస్తుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒకచోట ఎర్రని హెచ్చరిక వరుసలు కురిపించింది, అయినా ఆగకుండా ముందుకు పోయింది. ఆ చోటు వధ ఫైళ్లలో నాలుగోదానిలో ఉంది: 9 సెకన్లు, మొదట పచ్చని గళ్లు, తరువాత స్తంభించిన బొమ్మ. కార్డు నుంచి నకలు తీసిన నాడే దెబ్బ తగిలి ఉండాలి. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కడికి రాగానే చేతులు ఎత్తేస్తోంది.

ఆ 9 సెకన్లు ఏవో కావు. మట్టితో చేసి పడుకోబెట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ మీద నిలబడి మామ భీముణ్ని పిలిచే చోటు. దాన్ని జనం ముఖాలతో కప్పేయవచ్చు కానీ మనసొప్పలేదు. మామకు ఫోన్ చేశాను.

'ఆ స్టూడియో ఆయన అప్పట్లో ఒక డిస్కు ఇచ్చినాడు కదరా, బీరువాలో చీరల కింద ఉండాల. వచ్చి చూసుకో.'

ఏప్రిల్ 13

డీవీడీ దొరికింది. గీతలు పడినా చదవబడింది. 720×576 కొలత, ఎంపెగ్-2, కావలసిన 9 సెకన్లు చెక్కుచెదరలేదు. కానీ 50 ఫ్రేములకు విప్పి చూస్తే మామ ముందుకు ఒక అడుగు, వెనక్కి అర అడుగు వేస్తున్నట్టు వణికారు. ఇది ఫీల్డుల వరుస తారుమారైనప్పుడు కనిపించే లక్షణం: ముందు రావలసిన క్షణం వెనకా, వెనక రావలసినది ముందూ వస్తున్నాయి. డీవీడీ తయారుచేసినవారు ఫైలు తలలో 'పై ఫీల్డు ముందు' అని రాశారు, లోపల ఉన్నది మాత్రం కింది ఫీల్డు ముందు. ఫిల్టరుకు ఆ ముద్రను నమ్మవద్దని చెప్పి వరుస మార్చగానే అడుగు కుదిరింది. పెద్ద కొలతకు సాగదీయడంతో ఆ 9 సెకన్లు కాస్త మెత్తగా కనిపిస్తాయి; అది ఒప్పుకోదగ్గ లోపమే.

ఏప్రిల్ 14

ఫోన్ దృశ్యాలు అరగంటలో అయిపోయాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫ్రేములను లెక్కపెట్టి కాక, ప్రతి ఫ్రేము మీదా ఉన్న కాలముద్రను చూసి 50 నిలకడ ఫ్రేములుగా పరిచింది. 20 నిమిషాల చివర మాట, పెదవి కలిసే ఉన్నాయి. చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఏప్రిల్ 17

2009 దృశ్యాలు మాత్రం మూడు రోజులు తిన్నాయి. మొదటిసారి మార్చినప్పుడు మామ కళ్ల కాటుక, మీసం, వెనక చీకటి అన్నీ ఒకే నల్లని ముద్దగా మారాయి. మోషన్ జేపెగ్‌లో వెలుగు 0 నుంచి 255 దాకా పూర్తి పరిధిలో ఉంటుంది; వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. పాతదాన్ని మార్చకుండా వీడియోగా చదివితే 16 కన్నా కింద ఉన్న నీడలన్నీ ఒకటే నలుపు. వచ్చేది పూర్తి పరిధి, పోయేది వీడియో పరిధి అని స్పష్టంగా చెప్పాక నీడలు విడివడ్డాయి. అదే చోట రంగుల లెక్కను కూడా పాత టీవీల 601 ప్రమాణం నుంచి హెచ్‌డీ వీడియోల 709కి మార్చమన్నాను. లేకపోతే ముఖానికి పూసిన ఎరుపు ఒక్కో కెమెరాలో ఒక్కో ఎరుపుగా ఉండేది.

తరువాత ట్యూబ్‌లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాకు ఒక్కో ఫ్రేములో మూడు మెరుపులూ, నాలుగో మెరుపులో మూడో వంతూ అందుతాయి. అంటే వెలుగు ఒక ఫ్రేములో ఎక్కువ, ఒక దానిలో తక్కువ, మూడు ఫ్రేములకొకసారి అదే వరుస. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో డీఫ్లికర్ అనే ఫిల్టర్ ఉంది. అది చుట్టుపక్కల ఫ్రేముల సగటు వెలుగు చూసి సరిచేస్తుంది. మామూలుగా అది 5 ఫ్రేములు చూస్తుంది. అలా వదిలితే మినుకు తగ్గిందే కానీ పోలేదు, ఎందుకంటే అయిదులో ఒక పూర్తి వరుసా, ఇంకో వరుసలోని రెండూ పడతాయి. 3 అని మార్చాను. గోడ మీద వెలుగు నిలబడింది. ఈ పని 30 ఫ్రేముల దశలోనే చేయాలి. 50కి పెంచాక చేస్తే ఆ మూడింటి వరుస చెదిరిపోతుంది.

అగ్నిగుండం దృశ్యానికి మాత్రం ఆ ఫిల్టర్ తీసేశాను. అది నిప్పుల మినుకును కూడా లోపం అనుకుని చదును చేసింది, నిప్పుల మీద నడుస్తున్నవాళ్లు ఎర్రమట్టి మీద నడుస్తున్నట్టు కనిపించారు.

శబ్దం గురించి చేయగలిగింది తక్కువ. 11,025 హెర్ట్జ్ అంటే 5,500 పైన ఉన్న ధ్వని ఏదీ రికార్డు కాలేదు. 48,000కు మార్చినా పోయిన తాళాల మోత తిరిగి రాదు. మద్దెల ఉంది, గొంతు ఉంది. అంతే.

ఏప్రిల్ 19

పాత టైమ్‌లైన్‌లోని ముక్కల స్థానంలో కొత్తవి పెట్టి రెండర్ పెట్టాను. మెమరీ 3 జీబీ దగ్గర కదలకుండా నిలబడింది. 37 శాతం వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డానని ఒప్పుకోవాలి. 42 నిమిషాల వీడియో గంటా 40 నిమిషాల్లో పూర్తయింది.

గుడి టీవీకి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ఆ టీవీ ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌నే చదువుతుంది, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అందుకే సెకనుకు 12 మెగాబిట్లకు కుదించాను. శబ్దంతో కలిపి లోపలే పడింది.

ఏప్రిల్ 20

పెన్‌డ్రైవ్ తీసుకుని మామ ఇంటికి వెళ్లాను. మొత్తం చూసి, 2014 రాత్రి నాటకంలో సుయోధనుడి ప్రవేశం దగ్గర ఆపమన్నారు. 'ఇక్కడ నా అడుగు తాళానికి పడలేదురా. నీ మిషనులో తప్పేమో చూడు.'

నాకు గుండె జారింది. ల్యాప్‌టాప్‌లో ఆ ముక్కను తెరిచి, ఆ తరువాత కొద్దిసేపటికి ఆయన గద స్టేజీ బల్ల మీద మోదే చోటికి వెళ్లాను. గద బల్లను తాకిన ఫ్రేములోనే చప్పుడు మొదలైంది. ముందుకు ఒక్క ఫ్రేము లేదు, వెనక్కి ఒక్క ఫ్రేము లేదు. అసలు ఎంటీఎస్ ఫైలులోనూ అంతే. బొమ్మా శబ్దమూ కలిసే ఉన్నాయని ఆయనకు చూపించాను.

మామ ఆ అడుగును మరోసారి వేయించుకుని చూశారు.

'అయితే ఆ రాత్రి మద్దెలాయన తొందరపడినాడు' అన్నారు.